ముసాఫిరు బంగళాలో ఒక రాత్రి

మా యింట్లో ఒక మాట వాడుకలో వుండేది. పండుగకు చుట్టాలు దిగబడి, పడుకునే చోటు చాలక పిల్లలం గొణుక్కుంటూ వుంటే మా అమ్మ, “నిజాంసాగరు బంగళా అప్పుడే మరిచిపోయారా?” అనేది. అంతే, మేము నోరు మూసుకుని చాపలు దగ్గరకు జరుపుకునేవాళ్లం. ఆ మాట వెనుక వున్న కథ మా కుటుంబానిదే. అయినా, అడవిలో, చెరువుగట్టున, సర్కారు బంగళాలో ఒక రాత్రి గడపాలన్న సరదా వున్నవారికి పనికివస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

అది 1966 జనవరి, సంక్రాంతి సెలవులు. నాకు పన్నెండేళ్లు, చెల్లెలికి ఎనిమిది. మా నాయన నిజామాబాదులో ఒక కచేరీలో గుమాస్తా. ఆయన జీవితంలో కుటుంబంతో కలిసి చేసిన విహారయాత్ర అదొక్కటే. ఎవరినో పట్టుకుని, నెల రోజులు తిరిగి, నిజాంసాగరు దగ్గర అడవి అంచున వున్న చిన్న బంగళాలో ఒక గదికి చిట్టీ సంపాదించారు. ఆ చిట్టీని మడత పెట్టి, జేబురుమాలులో చుట్టి, లోపలి జేబులో పెట్టుకుని, బస్సులో ప్రతి మైలురాయి దగ్గరా తడిమి చూసుకున్నారు.

బంగళా అంటే ఏమిటి?

ఈ తరం పిల్లలకు బంగళా అంటే డబ్బున్నవారి మేడ. ముసాఫిరు బంగళా వేరు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంలో, టపా మోసే దారుల వెంట, మజిలీ మజిలీకీ ఒకటి చొప్పున కుంపిణీవారు బంగళాలు కట్టించారు. అవే డాకు బంగళాలు. రెండు గదులు, ముందు వసారా, వెనుక వంటపాక, కొంచెం దూరంగా గుర్రాలకు కొట్టం. వంటవాణ్ణి ఖాన్‌సామా అనేవారు. దొర బండి కనిపించగానే ఖాన్‌సామా పెరట్లో కోడిని తరమడం మొదలుపెడతాడని ఆ రోజుల్లో హాస్యంగా చెప్పుకునేవారు. తరువాత ఇంజనీర్లు కాలువల వెంట, జలాశయాల దగ్గర తనిఖీ బంగళాలు కట్టుకున్నారు. అడవిశాఖవారు అడవుల్లో విశ్రాంతి గృహాలు కట్టుకున్నారు. నిజాం సంస్థానంలో మొదటివి తామీరాతువారివి, రెండోవి జంగ్లాతువారివి. ఉద్యోగి పనిమీద వస్తే ఆయనదే మొదటి హక్కు. గది ఖాళీగా వుంటే మామూలు ముసాఫిరుకు చిట్టీ రాసి యిచ్చేవారు. అద్దె నామమాత్రం. సౌకర్యాలూ నామమాత్రమే.

మేము దిగిన బంగళాలో వున్నవి ఇవి: రెండు గదులు, గదికి రెండు నవారు మంచాలు, ఒక మేజా, ఒక వాలుకుర్చీ, ఒక కందిలి, చేదబావి, బొక్కెన. కరెంటు లేదు. పరుపు లేదు. కిటికీలకు సన్నని జాలీ వుండేది, దోమలకన్నా కోతులకు భయపడి పెట్టింది. వసారాలో గోడకు మేకు, మేకుకు తాడు, తాడుకు ఒక రిజిస్టరు. వచ్చినవారి పేరు, వచ్చిన పని, వచ్చిన వేళ, పోయిన వేళ, చెల్లించిన రొక్కం, చివరన “రిమార్కులు”.

చౌకీదారు ముసలాయన. తలకు రుమాలు, ఒంటిమీద ఖాకీ కోటు, కాళ్లకు చెప్పులు లేవు.

“చిట్టీ వున్నదా సాబ్?” అన్నాడు.

మా నాయన ఎంతో గర్వంగా తీసి యిచ్చారు. చౌకీదారు దాన్ని తిరగేసి, మొహరు చూసి, తల వూపాడు. చదువు రానివాడని తరువాత తెలిసింది. మొహరు మాత్రం గుర్తుపట్టగలడు.

“గీ అర్ర మీది. గా అర్ర సాబులది. తాళంచెవి నా తాన్నే వున్నది గానీ తీసే హుకుం లేదు,” అని చెప్పి, మా కోసం బొక్కెనతో నీళ్లు చేదడానికి వెళ్లాడు.

సాయంత్రం దాకా మాకు పండుగే. గట్టెక్కి చూస్తే నీళ్లకు అవతలి ఒడ్డు కనిపించలేదు. తలమీద రెండు నల్లచారలున్న పెద్దబాతులు గుంపుగా దిగాయి. అవి హిమాలయాలు దాటి చలికాలం గడపడానికి మన చెరువులకు వస్తాయి. నీళ్లలో కాళ్లు పెడతానన్న చెల్లెలిని చౌకీదారు కేకవేసి ఆపాడు. మంజీరలో మొసళ్లున్నాయి. చీకటి పడగానే చలి దిగింది. నిజామాబాదు చలి తెలిసినవారికి చెప్పనక్కర లేదు, తెలియనివారికి చెప్పినా నమ్మరు. అమ్మ సకినాల డబ్బా విప్పింది. వంటపాకలో జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఆ మంట దగ్గరనుంచి మేము కదలలేదు.

బండి చప్పుడు

రాత్రి ఎనిమిది దాటింది. బండి చప్పుడైంది. ఎడ్లబండి వచ్చి చింతచెట్టు కింద ఆగింది. ఒక మనిషి గొంగడి కప్పుకుని వసారా మెట్ల దగ్గర నిలబడ్డాడు. వెనుక అతని భార్య, ఆమె చంకలో ఏడాది కూడా నిండని పిల్ల.

“అమ్మా, జరంత వసారాల పండుకుంటం. పిల్లకు వొళ్లు కాలుతున్నది. పొద్దుగాల్నే లేచి పోతం,” అన్నాడతను.

నారాయణఖేడ్ వైపునుంచి వస్తున్నారు. బోధను చుట్టుపక్కల చెరుకు కోతకు పోతున్నారు. ఇక్కడ చెరుకు సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. నరికిన చెరుకులో తీపి గంట గంటకూ తగ్గిపోతుంది. ఇరవైనాలుగు గంటల్లోపల గానుగలో పడితేనే రైతుకు గిట్టుబాటు, ఫ్యాక్టరీకి చక్కెర. అందుకే ఫ్యాక్టరీ నడిచే నాలుగైదు నెలలూ కోత జట్లకు రాత్రీ పగలూ వుండదు. మేస్త్రీ ముందుగా పైకం యిస్తాడు. చెప్పిన రోజుకు జట్టు చేరకపోతే ఆ పొలం యింకొక జట్టుకు పోతుంది, బాకీ మాత్రం నిలుస్తుంది. ఆ భార్యాభర్తలకు మరునాటి సాయంత్రమే గడువు.

చౌకీదారు అడ్డం నిలబడ్డాడు. “యిది సర్కారు బంగళా. చిట్టీ లేనోళ్లకు లేదు. గా చెట్టు కిందనే వుండుండ్రి.” మళ్లీ మా అమ్మవైపు తిరిగి తగ్గిన గొంతుతో, “నాకేం పగనా అమ్మా? రేపు ఎవలన్న పైకి రాస్తె నా నౌకరి పోతది,” అన్నాడు.

ఆ ముసలాయనను తప్పుపట్టడానికి లేదు. మా నాయనను కూడా తప్పుపట్టలేను. ఆయన చిన్న ఉద్యోగి. చిట్టీ వెనుక సన్నని అక్షరాలతో అచ్చువేసిన షరతులన్నీ ఆయనకు కంఠస్థం. “మనకిచ్చిన కాగితంలో మన నలుగురి పేర్లే వున్నాయి,” అన్నారు నెమ్మదిగా.

మా అమ్మ చదివింది నాలుగో తరగతి. “ముసాఫిరు బంగళా అంటిరి కద. ఆమె ముసాఫిరు కాదా?” అన్నది.

నాయన జవాబు చెప్పలేదు. అమ్మ కూడా జవాబుకోసం ఆగలేదు. మెట్లు దిగి, పిల్లను అందుకుని, తల్లిని వెంటబెట్టుకుని మా గదిలోకి తీసుకుపోయింది. పిల్ల మూలుగుతున్నది, ఏడవడం లేదు. ఏడవకపోవడమే మంచిది కాదని అమ్మకు తెలుసు. తడిగుడ్డ నుదుటిమీద వేసింది. చెల్లెలినీ నన్నూ ఒకే మంచంమీదికి తోసి, రెండో మంచం ఆ తల్లికి యిచ్చింది. నేను సణిగాను. సెలవుల్లో సొంత మంచం దొరికిందని పొద్దుటినుంచీ నాకు మహా సంబరంగా వుంది. ఆ సణుగుడు తలచుకుంటే ఈ వయసులో కూడా సిగ్గుగానే వుంటుంది.

నాయన వసారాలో కూర్చుని కందిలి వెలుతురులో రిజిస్టరు ముందు పెట్టుకున్నారు. చాలాసేపు కలం కదలలేదు. రాయకపోతే అబద్ధం. రాస్తే చౌకీదారు నౌకరికీ తన ఉద్యోగానికీ ముప్పు.

జీపు దీపాలు

పదకొండు గంటలప్పుడు గట్టుమీద జీపు దీపాలు కనిపించాయి. చౌకీదారు లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. కాలువల మీద రాత్రి తనిఖీకి బయలుదేరిన ఇంజనీరుగారు. యాసంగి నీళ్లు వదిలిన కాలం. రాత్రిపూట కాలువలకు గండ్లు పడకుండా లస్కర్లు కాపలా వుండేవారు, పైవారు వచ్చి చూసేవారు.

ఆయన వసారా ఎక్కి, గొంగడిలో ముడుచుకుని కూర్చున్న బండి మనిషిని చూశారు. “వీళ్లెవరు?” అన్నారు.

చౌకీదారు నోరు తెరవకముందే మా నాయన లేచి నిలబడ్డారు. “సార్, లోపలికి రమ్మన్నది మేము. చౌకీదారు వద్దనే చెప్పాడు. తప్పు నాది,” అన్నారు. ఎప్పుడూ ఎవరి ముందూ గొంతెత్తని మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో కలం వణకడం నేను కిటికీ జాలీలోంచి చూశాను.

ఇంజనీరుగారు నాయనకు బదులు చెప్పలేదు. “పిల్లేది?” అన్నారు. అమ్మ ఎత్తుకుని వచ్చింది. నుదుటిమీద చెయ్యి వేసి చూశారు. వెనక్కి తిరిగి, “డ్రైవర్! బండి తిప్పు. బాన్సువాడ పోయి డాక్టరుగారిని లేపు. నా పేరు చెప్పు,” అన్నారు. తల్లీ పిల్లా జీపెక్కారు. అమ్మ తన శాలువా కప్పింది. బండి మనిషి ఎడ్లను వదిలి పోలేక అక్కడే వుండిపోయాడు. జీపు వెళ్లినవైపే చూస్తూ తెల్లవార్లూ మెట్లమీద కూర్చున్నాడు.

జీపు పోయింది గనుక ఇంజనీరుగారు కూడా మాతో చిక్కుపడ్డారు. నెగడు వేయించి, సకినాలు నములుతూ, మాకు ఆనకట్ట కథ చెప్పారు. నేను మొదటిసారి విన్నది ఆ రాత్రే. తరువాత చదివి తెలుసుకున్నవి కూడా కలిపి చెబుతాను.

మహారాష్ట్రలో బీడు జిల్లా బాలాఘాటు కొండల్లో పుట్టిన మంజీర, మన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దానికి అడ్డంగా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, నవాబు అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా, 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. ఆనకట్ట నీళ్లలో పదుల సంఖ్యలో వూళ్లు మునిగిపోయాయి. కాలువల కింద మాత్రం బాన్సువాడ, వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధను ప్రాంతాల మెట్టభూములు మాగాణులయ్యాయి. కృష్ణా, గుంటూరు జిల్లాలనుంచి రైతులు వచ్చి భూములు కొని, ‘క్యాంపు’లని పేరుపెట్టుకుని వూళ్లు కట్టుకున్నారు. నీరుంది గనుక చెరుకు వచ్చింది. చెరుకుంది గనుక 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని పక్కన శక్కర్‌నగర్ వెలసింది.

“నీళ్లు కనిపిస్తాయి, మట్టి కనిపించదు,” అన్నారాయన నెగడు ఎగదోస్తూ. నాకు అప్పుడు అర్థం కాలేదు. జలాశయం కట్టినప్పుడు దాదాపు 29.7 టి.ఎం.సి.ల నీళ్లు పట్టేది. పూడిక చేరి చేరి 1970ల నాటికి అందులో సగం కూడా పట్టని స్థితి వచ్చింది. ఆ దశాబ్దంలోనే మట్టం పెంచారు. ఇప్పుడు 1405 అడుగుల మట్టానికి 17.8 టి.ఎం.సి.లు పడుతుంది.

తెల్లవారుజామున నాయన రిజిస్టరు పూర్తి చేశారు. మా పేర్లు రాసి, కింద, “రాత్రి వచ్చిన ముసాఫిర్లు ముగ్గురు: భర్త, భార్య, పిల్ల” అని రాశారు. ఇంజనీరుగారు చదివారు. రిమార్కుల గడిలో ఏమీ రాయలేదు. దాని కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, రిజిస్టరు మేకుకు తగిలించారు.

తిరుగు ప్రయాణంలో బస్సు బాన్సువాడలో ఆగగానే అమ్మ దిగి, డాక్టరు యిల్లు వెతుక్కుంటూ పోయింది. కండక్టరు గొడవ పెట్టినా బస్సును నాయన ఆపించారు. సూదిమందు పడ్డాక జ్వరం తగ్గిందట. ఆ తల్లి ఒక పూట కూడా ఆగకుండా పిల్లను తీసుకుని భర్తతో బోధను వెళ్లిపోయిందట. గడువు దాటితే బాకీ మిగులుతుంది కదా. శాలువా మాత్రం మడత పెట్టి డాక్టరుగారింట్లో యిచ్చి పోయింది. తరువాత వాళ్ల సంగతి మాకు తెలియదు. ఆ పిల్లకు పెట్టిన పేరేమిటో కూడా అడగలేదు.

పై దేశాల వాడుక

చాలా ఏళ్లకు పై దేశాల అడవి బసలను గురించి చదివాను. నార్వేలో నడకదార్ల సంఘం 1868లో పుట్టింది. దాని కొండ కుటీరాలు కొన్నింటిలో కాపలావాడు వుండడు. అలమరలో తిండి సరుకులుంటాయి. తిన్నదానికి లెక్క మనమే రాసి, పైకం మనమే చెల్లించి రావాలి. ఫిన్లండు ఉత్తరాన మంచు అడవుల్లో తాళాలు లేని గుడిసెలున్నాయి. వాటి పేరుకు ‘పాడుపడిన యిల్లు’ అని అర్థం. ఎవరైనా రాత్రి ఉచితంగా తల దాచుకోవచ్చు. పోయేటప్పుడు తరువాత వచ్చేవారికోసం ఎండుకట్టెలు చీల్చి పెట్టిపోవాలి. అక్కడ ఒక పాత కట్టుబాటు వుంది: గుడిసె నిండిపోతే, చివరగా వచ్చినవాడిదే మొదటి హక్కు. ముందు వచ్చినవాడు అప్పటికే వెచ్చబడ్డాడు, కడుపు నింపుకున్నాడు. చలిలో నిలబడినవాడే ఆపదలో వున్నవాడు.

అది చదివి అమ్మకు వినిపిస్తే, “దీనికి అంత దూరం పోవాలా?” అన్నది.

యిప్పుడు

మూడేళ్ల కిందట మనుమలను తీసుకుని మళ్లీ వెళ్లాను. 2016లో జిల్లాలు విడగొట్టాక నిజాంసాగరు కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జలాశయం అలాగే వుంది, బాతులు అలాగే దిగుతున్నాయి. మేము దిగిన బంగళాకు పైకప్పు లేదు. వసారాలో రావిమొక్క మొలిచింది. మేకు మాత్రం గోడకు వుంది. బోధనులో ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. చెరుకు పండిన పొలాల్లో చాలా భాగం వరి వేస్తున్నారు.

అయినా ఈ ప్రాంతంలో అడవి బస కావాలనుకున్నవారు నిరాశపడనక్కర లేదు. మెదకు, కామారెడ్డి జిల్లాల సరిహద్దులో పోచారం వుంది. ఆలేరు వాగుమీద 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన చెరువది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1952లో అభయారణ్యమయింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చుక్కల దుప్పులు, మనుబోతులు, కొండగొర్రెలు, ఎలుగులు, చిరుతలు వున్నాయి. 2025 ఆగస్టు చివర కుంభవృష్టి పడినప్పుడు ఆ చెరువుకు వచ్చిన వరద చూసి కట్ట నిలుస్తుందా అని కింది వూళ్లవారు భయపడ్డారు. నూరేళ్లు దాటిన కట్ట నిలిచింది.

వెళ్లదలచినవారికి నాలుగు సూచనలు. ముందుగా జిల్లా కేంద్రంలోని అడవిశాఖ లేదా నీటిపారుదల శాఖ కార్యాలయంలో అడిగి, గది దొరుకుతుందో లేదో తెలుసుకుని, అనుమతి కాగితం చేతిలో వుంచుకుని బయలుదేరండి. దుప్పట్లు, దీపం, తాగేనీళ్లు, జ్వరం మాత్రలు మీవి మీరే తీసుకుపోండి. గేట్లు ఎత్తే కాలంలో ఆనకట్ట దిగువకు పిల్లలను పోనివ్వకండి. నీళ్లు నిలకడగా కనిపించినా దిగవద్దు. చీకటి పడ్డాక వసారా దాటవద్దు. పాటల పెట్టె యింట్లోనే వుంచండి. దుప్పి కూత వినాలంటే మనం నోరు మూసుకోవాలి. చౌకీదారుకు కూడా కలిపి వండండి.

ఏలినవారికి కూడా ఒక మనవి. కూలిపోతున్న ఈ పాత బంగళాలకు చలువరాళ్లు పరిచి, చల్లని యంత్రాలు బిగించి, మధ్యతరగతివాడికి అందని అద్దె పెట్టవలసిన పని లేదు. కప్పు కురవకుండా చూసి, బావి పూడిక తీయించి, రెండు మంచాలు వేయించి, చౌకీదారుకు నెల నెలా జీతం యిస్తే చాలు. చిన్న ఉద్యోగి తన పిల్లలకు ఒక అడవిని చూపించగలుగుతాడు. వసారాకు మాత్రం తాళం పెట్టకండి.

మొన్న మనుమలతో పోచారంలో పడుకున్న రాత్రి, పెద్దవాడు మంచం నాదంటే నాదని చెల్లెలితో తగవుపడ్డాడు. నేను కసురుకోబోయి, ఈ కథ చెప్పాను. కథ అయ్యేసరికి చిన్నది నిద్రపోయింది. వాడు లేచి, మంచం గోడకు జరిపి, తన దుప్పటి తీసుకుని కింద పడుకున్నాడు. కొంచెంసేపటికి, “తాతా, ఆ పాపకు యిప్పుడు ఎన్నేళ్లుంటాయి?” అని అడిగాడు.

లెక్క చెప్పాను. అరవై దాటి వుంటుంది.